మైనస్ ముప్పైల బండీ మనిషీ

శంకర్‌పల్లి రోడ్డు మీద ఒక ఫామ్‌హౌస్‌ల, జనవరిల హిమాచల్‌ల స్పీతి లోయకు పోదామని తయారైతున్న హైదరాబాద్ ఆఫ్‌రోడ్ దోస్తుల ముందు మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని ఎట్లున్నయో అట్లనే టైప్ చేసినం.

అందరికీ నమస్తే. ఎనుక కూసున్నోళ్లకు ఇనబడుతుందా? సరే. చాయ్ తాగుకుంటనే వినున్రి. నేను మెకానిక్‌ని, కెనడాల ఆల్బర్టా రాష్ట్రం ఎడ్మంటన్‌ల పన్నెండేండ్లు హెవీ ఎక్విప్‌మెంట్ వర్క్‌షాపుల పనిచేసిన, శని ఆదివారాలు వస్తె చాలు సొంత డీజిల్ పికప్ వేసుకొని అడవులల్ల తిరిగేటోణ్ణి. పోయినేడు వాపస్ వచ్చి మళ్ల ఇక్కడనే ఉంటున్న. మీరు స్పీతి పోతున్నరని తెలిసి నేనే అడిగిన, ఒక్క గంట నాకియ్యిన్రి అని. బయట అరుగు మీద ఐసు గడ్డలేసిన బకెట్, దాని పక్కకు ఒక షాకిల్, అంటే తాడును బండికి తగిలించే పిన్నున్న ఇనుప కడియం, పెట్టిన, చూసే ఉంటరు. దాని సంగతి చివర్ల చెప్త.

ముందు చలి అంటే ఏందో ఒక లెక్కకు వద్దాం. మనకు డిసెంబర్ల పొద్దుగాల పన్నెండు డిగ్రీలు అయితెనే స్వెట్టర్లు బయటికొస్తయి. ఎడ్మంటన్‌ల జనవరిల మైనస్ 25, మైనస్ 30 అనేది వారాల తరబడి ఉండొచ్చు, మైనస్ 40 కాడికి కూడ పోతది, ఆడ సెల్సియస్సూ ఫారెన్‌హీటూ రెండూ ఒకటే అంకె అయితయి. ఆ చలిల ముక్కుల వెంట్రుకలు టక్కున గడ్డకట్టుడు తెలుస్తది, మొదటిసారి నేను భయపడ్డ. మరి అంత చలిల ఆఫ్‌రోడ్ ఎందుకు పోతరు, ఎండకాలం పోవచ్చు కదా అని అడుగుతరు. ఎండకాలమే అక్కడ కష్టం. ఆల్బర్టా ఉత్తరాన అడవంత మస్కెగ్ అనేటి బురదనేల, కుళ్లిన నాచు మీద నాచు పేరుకపోయి నీళ్లు తాగి ఉంటది, ఎండకాలం బండి దిగబడిందంటే ఇగ అంతే. చలికాలం అది రాయి లెక్క గట్టిపడతది. పైంగ ఆయిల్ కంపెనీలోళ్లు భూమి లోపల సర్వే చేసెటందుకు అడవిని తాడు గుంజినట్టు సీదాగ కొట్టిన దారులుంటయి, వాటిని కట్‌లైన్లు అంటరు. ఆ కట్‌లైన్ల మీద, రెండుదిక్కుల స్ప్రూస్ చెట్లు, మంచు మీద పడ్డ ఎండ, బండి ఇంజిన్ ఆపితే అస్సలు సప్పుడు ఉండదు. ఆ సప్పుడు లేకపోవుడు కోసమే నేను పోయేటోణ్ణి. నిజంగ చెప్తున్న, దాని మీద ప్రేమ ఇప్పటికీ తగ్గలే.

కానీ ఆడ ఆట ముందురోజు రాత్రే మొదలైతది. మీరు ఎడ్మంటన్‌ల ఏ పార్కింగ్‌ల చూసినా బండ్ల ముందటి జాలి నుంచి ఒక కరెంటు ప్లగ్గు ఏలాడుతుంటది. అది బ్లాక్ హీటర్ వైరు. ఇంజిన్ బ్లాక్‌ల కూలెంట్‌ని, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని, వేడిచేసే చిన్న హీటర్ అది, నార్త్ డకోటాల ఆండ్రూ ఫ్రీమన్ అనేటాయనకు 1949ల అసొంటి హీటర్‌కు పేటెంట్ వచ్చింది. రాత్రంత పెట్టనవసరం లేదు, టైమర్ పెట్టి బయల్దేరే మూడు నాలుగు గంటల ముందు ఆన్ అయ్యేటట్టు చేస్తే సరిపోతది. అది పెట్టకుంటే ఏమైతది? మైనస్ 18 కాడ బ్యాటరీ బలం సగానికి సగం పడిపోతది, అదే టైముల ఇంజిన్ ఆయిల్ చిక్కబడి తిప్పెటందుకు రెండింతల బలం అడుగుతది. ఇటు తగ్గుడు, అటు పెరుగుడు, రెండు దిక్కుల నుంచి దెబ్బ. బ్యాటరీ మీద సీసీఏ, అంటే కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్, అని ఒక నెంబర్ ఉంటది చూడున్రి, మైనస్ 18ల 30 సెకన్లపాటు వోల్టేజ్ 7.2 కంటే దిగకుండ ఎన్ని ఆంపియర్లు ఇస్తదో ఆ లెక్క. హైదరాబాద్‌ల ఎవ్వరూ అది చూసి బ్యాటరీ కొనరు, అవసరం కూడ లేదు, మన దగ్గర బ్యాటరీని చంపేది ఎండ. మీరు మాత్రం పోయే ముందు చూడాలె. పాత బ్యాటరీ ఉంటే మార్చేయిన్రి. ఇంకోటి, ఫుల్ ఛార్జ్ ఉన్న బ్యాటరీ ఇసొంటి చలికి గడ్డకట్టదు గానీ డౌన్ అయిన బ్యాటరీ మైనస్ పది లోపల్నే గడ్డకట్టొచ్చు, గడ్డకట్టిన బ్యాటరీకి జంప్ పెట్టొద్దు, పగులుతది.

ఆయిల్ సంగతి. డబ్బా మీద 15 డబ్ల్యూ 40, 5 డబ్ల్యూ 30 అని ఉంటది కదా, ఆ డబ్ల్యూ అంటే వింటర్. 15 డబ్ల్యూ అనేదాన్ని మైనస్ 20 కాడ పరీక్ష చేస్తరు, 5 డబ్ల్యూ అయితె మైనస్ 30 కాడ, 0 డబ్ల్యూ అయితె మైనస్ 35 కాడ. మీ బండి మాన్యువల్ల ఒప్పుకుంటే 5 డబ్ల్యూ పోయించుకోండ్రి, ఇక్కడ్నే, పోయే ముందు.

టైర్లు. రాత్రంత నిలబడ్డ బండికి పొద్దుగాల టైరు అడుగు పలకబారి ఉంటది, మొదటి రెండు మూడు కిలోమీటర్లు ధబ్ ధబ్ అని కొట్టుకుంట పోతది, ఏదో ఇరిగిందేమో అనుకుంటం. రబ్బరు మెత్తబడితే అదే పోతది. గాలి కూడ, ప్రతి ఐదారు డిగ్రీల చలికి ఒక పీఎస్ఐ చొప్పున దిగుతది. మీకు స్పీతిల ఎత్తు కూడ ఉంటది కాబట్టి అది కొంచెం గేజ్ రీడింగ్‌ని పెంచుతది, అందుకని ఇక్కడ కొట్టించిన గాలిని నమ్మొద్దు, స్పీతిల పెద్దూరు కాజా చేరినంక పొద్దుగాల చల్లగున్నప్పుడు గేజ్ పెట్టి మళ్ల చూడాలె.

ఇగ నాకు బాధనిపించే విషయానికొస్త. కూలెంట్. మనోళ్లు రేడియేటర్ల నల్లా నీళ్లు పోస్తరు. చిన్న లీకేజ్ ఉంటది, రిపేర్ చేయించరు, డిక్కీల రెండు లీటర్ల బాటిల్ పెట్టుకొని పోసుకుంట తిరుగుతరు, హైదరాబాద్‌ల అది నడుస్తది. నీళ్లు గడ్డకట్టినప్పుడు దగ్గర దగ్గర తొమ్మిది శాతం పెరుగుతది. ఇంజిన్ బ్లాక్ లోపల ఆ పెరిగిన నీళ్లకు జాగ ఎక్కడుంటది? ఇనుము పగులుతది. ఎక్కడ్నో వెచ్చటి దేశం నుంచి తెచ్చిన మిషిన్ల ఎవరో నీళ్లు పోసి వదిలేస్తే, ఒక్క రాత్రిల బ్లాక్ నిలువునా చీరుకుపోయింది నా కండ్లతోని చూసిన, అది వెల్డింగ్‌కు కూడ రాదు. సగం గ్లైకాల్, అంటే గడ్డకట్టకుండ చేసే ద్రవం, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే మైనస్ 37 దాక తట్టుకుంటది. కొందరు ఇంకా మంచిదని చెప్పి మొత్తం గ్లైకాల్ పోస్తరు, అది తప్పు, ఒట్టి గ్లైకాల్ మైనస్ 13 కాడనే గడ్డకడతది. వింతగున్నా అదే నిజం, కలిస్తేనే రెండింటికీ బలం. ఎంత కలిసిందో మెకానిక్‌లు హైడ్రోమీటర్ పెట్టి చూపిస్తరు, మీ ముందట చూపించమని అడగున్రి.

డీజిల్. చలికాలం మనింట్ల కొబ్బరినూనె సీసా ఎట్ల తెల్లగైతది, అట్ల. డీజిల్ల మైనం ఉంటది, చలికి ముందుగాల మబ్బు పట్టినట్టు అయితది, తర్వాత ఆ మైనం ఫిల్టర్ల ఇరుక్కుంటది, ట్యాంకు నిండ డీజిల్ ఉన్నా ఇంజిన్‌కు చుక్క అందదు. కెనడాల చలికాలం బంకుల్ల వేరే డీజిల్ పోస్తరు. మన దగ్గర కూడ ఇండియన్ ఆయిల్ 2019 నవంబర్ల లద్దాఖ్ కోసం వింటర్ డీజిల్ తెచ్చింది, మైనస్ 33 దాక పారుతది. మీరు కింద మైదానంల ఫుల్ ట్యాంక్ కొట్టించి అట్లనే పైకెక్కితే ట్యాంకుల ఉన్నది మైదానం డీజిలే. పైకి పోయే కొద్దీ తక్కువ తక్కువ పోయించుకుంట, అక్కడి బంకుల్ల నింపుకోవాలె, డీజిల్ గడ్డకట్టకుండ చేసే యాంటీజెల్ బాటిల్ ఒకటి ముందుగాలనే కలపాలె, గడ్డకట్టినంక కలిపితే ఏం పనిచెయ్యదు.

ఆ, ఏం తమ్మీ? కిరోసిన్ కలపొచ్చా అంటున్నడు. పాత బండ్లకు పహాడీ డ్రైవర్లు కలుపుతరు, నిజమే. కానీ మీవి బీఎస్ 6, కామన్ రైల్, అంటే డీజిల్‌ను బాగ ప్రెషర్‌తోని కొట్టే కొత్త ఇంజిన్లు. ఆ పంపుకు డీజిలే నూనె, అదే దాన్ని అరగకుండ చూస్తది, కిరోసిన్‌ల ఆ జిగట ఉండదు, పంపు పోతది, దాని వెంట ఇంజెక్టర్లు పోతయి. వద్దు. ట్యాంకు కింద మంట పెట్టుడు కూడ వీడియోలల్ల చూసి ఉంటరు, అది అస్సలే వద్దు. ఇంకోటి, యాడ్‌బ్లూ, అంటే పొగను శుభ్రం చేసే ద్రవం, ఉన్న బండ్లు ఎవరెవరివి? మూడు. అది మైనస్ 11ల గడ్డకడతది, అయినా బండి స్టార్ట్ అయితది, దాని ట్యాంకుల హీటర్ ఉంటది, కరుగుతది. డ్యాష్‌ల లైట్ వస్తే గాబరా పడొద్దు. స్పేర్ యాడ్‌బ్లూ డబ్బా ఉంటే దాన్ని మాత్రం రాత్రి రూముల పెట్టుకోండ్రి.

నడుపుడు గురించి ఎక్కువ చెప్ప, ఎందుకంటే మీకు తాండూరు దిక్కు నల్లరేగడి తెలుసు, వానల దాంట్ల దిగబడి బయటికొచ్చినోళ్లు సగం నేర్చుకున్నట్టే. తేడా ఒకటుంది. రేగట్ల కొంచెం చక్రం తిప్పితే టైరు గాట్లల్ల నుంచి మట్టి ఊడి ఒక్కోసారి పట్టు దొరుకుతది. మంచుల చక్రం తిరిగిందంటే ఆ వేడికి మంచు కరిగి, మళ్ల గడ్డకట్టి, గాజు పలక అయితది. నువ్వే నీ చక్రం కింద అద్దం చేసుకున్నట్టు. అందుకని చక్రం ఖాళీగ తిరిగిన మరుక్షణం కాలు తియ్యాలె, దిగాలె, పార తియ్యాలె. గాలి తగ్గించుడు ఇసుకల లెక్కనే పనిచేస్తది, ఐస్‌ల్యాండోళ్లు 38 అంగుళాల టైర్లేసి రెండు మూడు పీఎస్ఐకి దించి హిమానీనదాల మీద తేలిపోతరు, వాళ్ల మొత్తం పద్ధతే అది. మీ టైర్లకు అంత దించొద్దు, రిమ్ము నుంచి ఊడుతది. దిగుడు మీద లో గేర్, రెండో గేర్, బ్రేకు మీద కాలు లేకుండ.

ఒక్క మాట గడ్డకట్టిన నీళ్ల మీద. కెనడా ఉత్తరాన ఎల్లోనైఫ్ ఊరి నుంచి గనుల దాక ప్రతి చలికాలం చెరువుల మీదికెళ్లి రోడ్డేస్తరు, 1982 నుంచి ఏస్తున్నరు, దాని మీద లోడున్న ట్రక్కు గంటకు 25 కిలోమీటర్లు దాటొద్దు. ఎందుకంటే బండి బరువుకు ఐసు కొంచెం ఒంగుతది, కింద నీళ్లల్ల అల లేస్తది, స్పీడుగ పోతే ఆ అల ఒడ్డుకు కొట్టి ఐసును పగలగొడతది. వాళ్లు రాడార్‌తోని మందం కొలిచి, రాత్రింబగళ్లు చూసుకుంట చేసే పని అది. ఆల్బర్టాల నార్డెగ్ అనే ఊరి దగ్గర ఏబ్రహాం లేక్ ఉంది, ఐసుల మీథేన్ బుడగలు ముత్యాల దండ లెక్క ఇరుక్కొని ఉంటయి, దానికోసం ప్రపంచమంత వస్తరు. కానీ అది డ్యామ్ కట్టిన చెరువు, చలికాలమంత నీళ్లు కిందికి పోతనే ఉంటయి, కొన్ని జాగలల్ల ఐసు కింద ఖాళీ ఉంటది. పైంగ చూస్తే ఎంత మందముందో, కింద నీళ్లున్నయో లేవో ఎవ్వరూ చెప్పలేరు. స్పీతి నది గడ్డకట్టి అందంగ కనబడుతది. చక్రం పెట్టొద్దు. ఎందుకు వద్దంటున్ననో ఇప్పుడు చెప్త, ఇది చెప్పెటందుకే వచ్చిన.

నార్డెగ్ దిక్కే, డిసెంబర్ చివర, మూడు బండ్లు, ఐదుగురం. మా గ్రూపుల ఒక పెద్దమనిషి ఉండె, పైప్‌లైన్ వెల్డర్, అరవై దాటినయి. ఆయనకొక అలవాటు. రాకీ మౌంటెన్ హౌస్ అనే ఊర్ల బంకు కాడ ఆగి, లోపల వెచ్చగ కూసొని కాఫీ తాగుకుంట, అందరం కలిసి వాపస్ టైం అనుకునేది. అనుకున్నంక ఆయన మాస్కింగ్ టేప్ ముక్క చింపి, మార్కర్‌తోని దాని మీద రాసి, ప్రతి బండి డ్యాష్ మీద అంటించేటోడు. ఆరోజు టేప్ మీద రెండు గంటలు అని ఉంది. రెండింటికి ఎక్కడుంటె అక్కడ్నుంచే మలుగుడు. ఆడ నాలుగున్నరకే పొద్దుగూకుతది.

నేను ముందుండె. రెండూ పదికి ఒక వాగు కాడికొచ్చిన. అవతల ఒక కిలోమీటర్ పోతే గుట్ట మీద మైదానం, అక్కడ్నుంచి పర్వతాలు కనబడతయి, మూడుసార్లు దానికోసం పోయి మూడుసార్లు వాపస్ వచ్చిన. ఎనుక బండ్లు పది నిమిషాల దూరంల ఉన్నయి. టేప్ నా కండ్ల ముందటనే ఉంది. పదినిమిషాల పనే కదా అని దించిన. సగంల ముందు చక్రాలు రెండూ ఐసు పగిలి లోపటికి పోయినయి. లోతు మోకాళ్ల దాకనే. చచ్చేంత లోతు కాదు. డోర్ తీసి దిగిన, బూట్లల్ల నీళ్లు నిండినయి. మైనస్ 29.

షాకిల్ పిన్ను మంచు పట్టి బిగుసుకపోయింది, గ్లౌజ్‌తోని తిరుగుతలేదు, కుడిచేతి గ్లౌజ్ తీసిన. ఎంతసేపు తీసి ఉంచిననో నాకు యాద్‌లేదు, మూడు నాలుగు నిమిషాలనుకుంట. వేళ్లు మైనం బొమ్మ వేళ్ల లెక్క తెల్లగైనయి. అంతల రెండో బండి వచ్చింది, కొత్త పోరగాడు, బండి రివర్స్ పెట్టి దగ్గరికి తెచ్చిండు. నేను తాడు పట్టుకొని పోయి దాని ఎనుక ఉన్న టో బాల్‌కు తగిలిస్తున్న.

మీల కొందరికి అర్థమైంది, మొఖాలు చూస్తున్న. టో బాల్ అనేది ట్రెయిలర్ గుంజెటందుకు, దిగబడ్డ బండిని జర్కుతోని గుంజెటందుకు కాదు, అది ఇరిగితే ఫిరంగి గుండు లెక్క ఎగిరొచ్చి అద్దం పగలగొట్టి మనిషిని చంపుతది, అట్ల మనుషులు చచ్చిపోయిన్రు. కొత్తగొచ్చినోళ్లందరికీ మొదటిరోజు ఈ మాట చెప్పేది నేనే. ఆ పోరగానికి కూడ నేనే చెప్పిన. అయినా నా చేతులు ఆ తాడును అక్కడ్నే తగిలిస్తున్నయి, నాకు అందుల తప్పేం కనబడలే. పెద్దాయన వచ్చి అరిచేదాక కనబడలే. ఆ పోరగాడు కూడ ఆపలే, ఎందుకంటే చేసేది నేను కదా, నాకు తెలుసు కదా అనుకున్నడు.

చలి అంటే అది. ఆయిల్ చిక్కబడుతది, రబ్బరు గట్టిపడుతది, డీజిల్ గడ్డకడుతది, అట్లనే బుర్ర కూడ. వేరేటివి తెలుస్తయి, ఇది తెల్వదు. నాకప్పుడు చలి పెడుతున్నట్టు కూడ లేదు, మంచిగనే ఉన్న అనిపించింది, ఆయన పేరు పెట్టి పిలిస్తే చిరాకుపడ్డ. మాట తడబడుడు, కాలు తడబడుడు, చేతిలది జారిపోవుడు, కారణం లేకుండ చిరాకు, ఈ నాలుగిట్ల ఒకటి పక్కోనిల కనబడితే పని ఆపి బండిల కూసోబెట్టాలె. వాడు నేను మంచిగున్న అంటడు. వాని మాట వినొద్దు.

ఆయన నన్ను తన బండిల హీటర్ ముందు కూసోబెట్టి, బూట్లు ఇడిపించి, పొడి సాక్సులు తొడిగిచ్చి, చెయ్యి చంకల పెట్టుకొమ్మన్నడు. తెల్లబడ్డ వేళ్లను రుద్దొద్దు, మంచుతోని అస్సలు రుద్దొద్దు, మంటకు చూపొద్దు, మొద్దుబారిన చర్మానికి కాలుతున్నట్టు కూడ తెల్వదు. చక్కెర బాగేసిన చాయ్ ఇచ్చిండు. మందు వద్దు, మందు వెచ్చగ అనిపిస్తది గానీ ఒంట్ల వేడిని బయటికి పంపిస్తది. నలభై నిమిషాలు ఎవ్వరూ బండిని ముట్టలే. చీకటి పడుతుంటే కూడ ముట్టలే. తర్వాత చెట్టుకు పట్టీ వేసి, వించ్‌తోని, అంటే తాడు చుట్టుకుంట గుంజే మిషిన్‌తోని, మెల్లగ గుంజినం. రోడ్డెక్కేసరికి రాత్రి తొమ్మిది. హ్యాండ్ బ్రేక్ వెయ్యొద్దని ఆయన యాద్ చేసిండు, తడిసిన బ్రేకులు పట్టుకొని గడ్డకడతయి, గేర్ల పెట్టి ఆపాలె. ఆయన ఆ టేప్ గురించి నన్ను ఒక్క మాట అనలే. ఆ రోజు కాదు, తర్వాత కూడ కాదు. ఈ చిటికెన వేలు చూడున్రి, ఏసీ రూముల కూసున్నా ఇప్పటికీ తెల్లబడుతది.

స్పీతికొస్తే, జనవరిల కుంజుం పాస్ బంద్ ఉంటది, మనాలి దిక్కు నుంచి దారి లేదు, సిమ్లా, కిన్నౌర్ మీదికెళ్లి నాకో, తాబో, కాజా, పోయిన దారే వాపస్. నాకో దగ్గర మలింగ్ నాలా కాడ నీళ్లు రోడ్డు మీద పారి గడ్డకడతయి, బ్లాక్ ఐస్, తడి రోడ్డు లెక్కనే కనబడుతది. ఆడ టైర్లకు తొడిగే చెయిన్లు కావాలె. చెయిన్లు కొన్నరు, సంతోషం, ఎంతమంది ఒక్కసారన్నా తొడిగిచ్చి చూసిన్రు? ... ఇద్దరు. ఈ వారంల మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ల, లైట్ ఆర్పి, హెడ్‌ల్యాంప్ పెట్టుకొని, గ్లౌజులేసుకొని ప్రతి ఒక్కరు నాలుగుసార్లు తొడగాలె. ఏ ఊరు ఎన్నింటికి దాటాలె, ఏం కనబడితే మలగాలె అన్నది ఇక్కడ్నే, హైదరాబాద్‌ల, కడుపునిండ తిని వెచ్చగ కూసొని రాసుకోవాలె. టేప్ నేను తెచ్చిన, బండికొక చుట్ట. ఆడికి పోయినంక మార్చుకోవాలంటే ఒక్క దిక్కుకే మార్చొచ్చు, ఇంకా ముందుగాల మలిగెటందుకు.

రాత్రి ఎక్కడన్నా ఇరుక్కుంటే బండి ఇడిచిపెట్టి నడవొద్దు. సైలెన్సర్ పైపు చుట్టు మంచు తీసి, గంటకు పది నిమిషాలు ఇంజిన్ నడిపి, గాలికి ఎదురులేని దిక్కు అద్దం వేలెడు దించి ఉంచాలె. పైపు మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపటికొస్తది, దానికి వాసన ఉండదు, నిద్రల్నే పాణం పోతది.

సరే, లేవున్రి, బయటికి పోదాం. ఆ బకెట్ల నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర ఉంటయి, స్పీతి చలి కంటే చాలా నయం. ఒక్కొక్కరు రెండు చేతులు రెండు నిమిషాలు ముంచి, తీసి, తుడుచుకోకుండ షాకిల్ పిన్ను ఇప్పి మళ్ల బిగించాలె. పక్కోడు ఫోన్ల టైం చూడాలె. బిగించుకుంట వంద నుంచి ఏడు చొప్పున ఎనుకకు లెక్కపెట్టాలె, గట్టిగ, అందరికీ ఇనబడేటట్టు. ఎవరు ముందు? ఆ, కిరోసిన్ తమ్మీ, నువ్వే రా.